కుక్క ముద్ద

కుక్కలకి చేపా కోడిగుడ్డూ కలిపి ఇంట్లోనే బిస్కెట్లు చేసి పెట్టడం మా ఇళ్లల్లో ఈ నాలుగైదేళ్లుగా వచ్చిన అలవాటు. మా ఇళ్లంటే ఒక ఊరు కాదు. అమ్మ పుట్టిల్లు జనగామ పక్కన. చిన్నమ్మ కాపురం మానుకోటలో, కాగితాల మీద మహబూబాబాద్. మేనమామ కొడుకు సింగరేణిలో ఉద్యోగమని భూపాలపల్లిలో ఉంటాడు. 2016 అక్టోబరు దాకా ఇదంతా వరంగల్ జిల్లానే. ఇప్పుడు మూడు జిల్లాలు, మూడు కలెక్టరేట్లు, మూడు ఇళ్లల్లో మూడు కుక్కలు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెళ్లి సంబంధాల తర్వాత ఎక్కువ చర్చ జరిగేది వాటి తిండి మీదే.

చిన్నమ్మ మొదటిసారి ఆ బిస్కెట్ల ఫొటో పెట్టినప్పుడు అమ్మమ్మకి చూపించాను. బొచ్చె చేప, రెండు గుడ్లు, జొన్నపిండి అని చదివి వినిపించాను. "కుక్కకా?" అని అడిగింది. అవునన్నాను. "నేను బాలింతగ ఉన్నప్పుడు గూడ గుడ్డు మొఖం చూడలే బిడ్డా" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా కాదు. పాత బాకీ ఏదో గుర్తొచ్చినట్టు అంది. అప్పట్నుంచీ ఈ బిస్కెట్ నాకు ఒట్టి వంటకంలా కనబడటం లేదు. మా దిక్కున కుక్క ఏం తింటోంది అని అడిగితే, ఆ తిండి అంతకుముందు ఎవరిది అని కూడా అడిగినట్టే.

పాత రాతల్లో కుక్క కనబడుతుంది గానీ కుక్క గిన్నె కనబడదు. మహాభారతం తెరవగానే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశునకం కొడుకు వస్తే, రాజు తమ్ముళ్లు కొట్టి తరుముతారు. ఏదో తప్పు చేసే ఉంటావని తల్లి అంటుంది. లేదమ్మా, హవిస్సు వైపు కన్నెత్తి చూడలేదు, నాలుక పెట్టలేదు అని పిల్ల చెప్పుకుంటుంది. కుక్క మీద మొదటి అనుమానం తిండి అనుమానమే అన్నమాట. కథ చివర్లో ధర్మరాజు వెంట నడిచేది కూడా కుక్కే, కానీ అంత దూరం అది ఏం తిని నడిచిందో కథకి అక్కర్లేదు.

కర్ణాటకలో మండ్య దిక్కున ఆతకూరు అనే ఊళ్లో 949–50 నాటి వీరగల్లు ఒకటి దొరికింది. కాళి అనే వేటకుక్క అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయిందని, ఆ రాయికి పూజలు జరగడానికి భూమి ఇచ్చారని శాసనం చెబుతుంది. చచ్చాక కుక్క పేరు మీద మాన్యం వచ్చింది. బతికుండగా ఏం పెట్టారన్నది శాసనానికి పట్టని సంగతి. పన్నెండో శతాబ్దంలో, కాకతీయులింకా హనుమకొండలో సామంతులుగా ఉన్న రోజుల్లో, వాళ్ల ఏలిక కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద 'మానసోల్లాసం' వచ్చింది. అందులో కుక్కల మీద సారమేయ వినోదం అని ఒక అధ్యాయం, చేపలు పట్టడం మీద మత్స్య వినోదం అని ఇంకో అధ్యాయం ఉన్నాయి. ఏ చేపకి ఏ మేత వేయాలో కూడా చెప్పిన పుస్తకం అది. చేపా కుక్కా ఒకే పుస్తకంలోకి వచ్చాయి గానీ, రెండూ రాజుగారి వినోదం ఖాతాలోకే వచ్చాయి.

ఊరి కుక్క సంగతి కావాలంటే ధర్మశాస్త్రాల దగ్గరికి పోవాలి. అక్కడ చేదుగా ఉంటుంది. వైశ్వదేవం అయ్యాక గృహస్థు కొంచెం అన్నం నేల మీద పెట్టాలని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. ఎవరెవరికి? కుక్కలకి, పతితులకి, శ్వపచులకి, పాపరోగులకి, కాకులకి, పురుగులకి. అందరూ ఒకే వరసలో. పదో అధ్యాయానికి వచ్చేసరికి చండాలుల ఆస్తి కుక్కలూ గాడిదలూ అని రాసి ఉంటుంది. శ్వపచుడు అన్న మాటకే కుక్కని వండుకునేవాడని అర్థం. కాబట్టి గడప బయట పెట్టే ముద్ద మన దగ్గర ఒట్టి భూతదయ కాదు. గడప బయట ఎవరు ఉండాలో కూడా అదే ముద్ద చెప్పేది. పెంపుడు జంతువుల మీద ఇవాళ వచ్చే తియ్యతియ్యని రాతల్లో ఈ సంగతి ఉండదు. అందుకే అవి చదువుతుంటే నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది.

ఈ విషయంలో జనగామ జిల్లాకి ఒక గౌరవం ఉంది. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఇప్పుడు ఈ జిల్లాలోనిదే. ఆయన బసవపురాణంలో ఒక శివభక్తుడు, వేదం మాకే సొంతమన్న వాళ్ల ముందు కుక్క చేత వేదం చదివిస్తాడు. పతితుల పక్కన నేల మీది ముద్దకి కాచుకుని ఉన్న కుక్క నోట్లోకి వేదం వచ్చింది. కుక్కని గొప్ప చేయడం సోమనాథుడి ఉద్దేశం కాదనుకుంటాను. కుక్కతో కలిపి లెక్కేసిన మనుషుల తరఫున ఆయన మాట్లాడుతున్నాడు.

కొమురవెల్లి మల్లన్నకైతే కుక్క ఇంకా దగ్గర. గుర్రం ఎంతో కుక్క అంత. ఈయనే కర్ణాటకలో మైలారుడు, మహారాష్ట్రలో ఖండోబా. మైలారుడి భక్తులైన గొరవలు ఒక మొక్కుగా కుక్కల్లా మొరుగుతూ, చేత్తో ముట్టకుండా గిన్నెలోని పాలూ అన్నమూ నోటితో తింటారు. మేం నీ కుక్కలం అని దేవుడికి చెప్పుకోవడం అది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మైలారు భక్తులు ఉన్నారు కాబట్టి, ఈ గాలి కాకతీయ రాజధానిలోనూ వీచిందే. ఒకచోట కుక్క పక్కన కూర్చోబెట్టడం అవమానం, ఇంకోచోట కుక్కలా తినడమే భక్తి. రెండూ ఒకే నేల మీద నడిచాయి.

ఇంతకీ గిన్నెలో ఏముండేది? మా దిక్కున దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. గటక. మనుషులు జొన్న గటక తింటే కుక్కా జొన్న గటకే తినేది, వాళ్లు అంబలి తాగితే అదీ అంబలే. మక్క గటక, నూకల జావ, పులిసిన అన్నం, గిన్నె కడిగిన నీళ్లు. 2013లో స్వీడన్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పేపర్ అచ్చేశారు. పిండి పదార్థాన్ని అరిగించే అమైలేస్ తయారీకి కావాల్సిన జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని తేల్చారు. మనుషులు సేద్యం మొదలుపెట్టాక వాళ్ల పిండి మిగులు తింటూ తింటూ కుక్క ఒళ్లే మారిపోయిందని వాళ్ల వాదన. కుక్క అంటే మాంసం, గటక పెట్టడం పేదరికం అనుకునేవాళ్లకి ఇది చదివి వినిపించాలి. మానుకోట చుట్టుపక్కల తండాల్లో ఇప్పటికీ జొన్నరొట్టె ముక్క తుంచి గాల్లోకి విసిరితే కుక్క ఎగిరి అందుకుంటుంది. లంబాడీలు ఎద్దుల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన కాలంలో బిడారుకి రాత్రి కాపలా కుక్కదే. ఆ జాతికి బంజారా కుక్క అనే పేరు మిగిలింది. 1889లో డోర్నకల్ మీదుగా బెజవాడకి రైలు పడ్డాక సరుకు రైలెక్కింది, బిడారు నిలిచిపోయింది, కుక్కకి కొలువు పోయింది. రొట్టె ముక్క మాత్రం ఉంది.

ఇక చేపా గుడ్డూ. ఇవి కుక్క దాకా రావాలంటే ముందు మనిషిని దాటి రావాలి. నిజాం కాలంలో జనగామ నల్గొండ జిల్లాలో ఒక తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వెట్టి ఎలా నడిచేదో కూడా ఆయన కులం వారీగా రాశారు. గౌండ్లవాళ్లు కల్లు పోయాలి, గొల్లవాళ్లు గొర్రె తోలాలి, చాకలి, మంగలి, కుమ్మరి ఎవరి పని వాళ్లు ఉచితంగా చేయాలి. బోయలూ బెస్తలూ దొరల మేనాలు భుజాన మోయాలి. అధికారి ఊళ్లోకి వస్తే కోళ్లు ఇళ్లల్లోంచి పోవాలి. ఈ జాబితాని నేను ఎన్నోసార్లు చదివాను గానీ, అమ్మమ్మ మాట విన్నాకే ఇందులో తిండి లెక్క కనబడింది. చేప పట్టే చేతులు మేనా కింద ఉన్నాయి. కోడి గడిలోకి పోతే ఇంట్లో గుడ్డు ఎక్కడిది? ఉన్న ఒక్క పెట్ట పెట్టిన గుడ్లు కూడా పొదగడానికే, తినడానికి కాదు. పెట్ట అంటే ఇంటి ఆడవాళ్ల బ్యాంకు. బాలింతకి గుడ్డు దొరకలేదన్న మాట వెనక ఒక పేద ఇల్లే కాదు, ఒక పాలన ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మీద తుపాకులు పేలడమూ, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను వదలననడమూ ఆ పాలన మీద తిరుగుబాటే. తిండి మీద హక్కు అన్నది అప్పుడు నినాదం కాదు, వడ్ల కల్లం దగ్గర పేచీ.

గుడ్డు చవకై ఇంటింటికీ రావడానికి ఇంకో పాతిక ముప్పై ఏళ్లు పట్టింది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టడం, 1982లో రైతులు తమ గుడ్డు ధర తామే చెప్పుకోవడానికి నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడటం, దాని టీవీ ప్రకటనలు, ఇవన్నీ మా అమ్మ తరం చూసినవి. ఇవాళ దేశంలో గుడ్లు ఎక్కువ తీసే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికీ బాలింతకీ భోజనంతో పాటు గుడ్డు పెడుతున్నారు. అమ్మమ్మకి దక్కనిది ఆమె మనవరాలికి సర్కారు పెట్టింది. ఆ తర్వాతే కుక్క వంతు వచ్చింది. ఈ వరస నాకు ముఖ్యం.

చేప కథ ఇంకా పొడుగు. ఈ మూడు జిల్లాలూ చెరువుల నేల. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో గణపసముద్రం కాకతీయులు తవ్వించిందే, ఇప్పటికీ నీళ్లుంటాయి. కానీ పాత చెరువు చేప వేరు. కొర్రమట్ట, జెల్ల, పరకలు, వాటంతటవే పుట్టి పెరిగినవి. బొచ్చె, రౌట లాంటివి ఏటి చేపలు, నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదురి అనే శాస్త్రవేత్త పీయూష గ్రంథి రసం ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగాడు. అందుకే ఆ తేదీన దేశంలో చేపల రైతుల దినం జరుపుతారు. చేపపిల్లని ప్యాకెట్లో పోసి ఏ చెరువుకైనా పంపడం అప్పట్నుంచే సాధ్యమైంది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీయడం, 2016 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు వదలడం వచ్చాక, ఎండాకాలం చెరువు పట్టినప్పుడు బొచ్చె ఊళ్లోనే చవకగా దొరుకుతోంది. చెరువు మీద హక్కు ఎవరిదని గంగపుత్రులకీ ముదిరాజ్‌లకీ పేచీ ఇంకా నడుస్తూనే ఉంది. మేనా మోసిన భుజాల వాళ్లకి చెరువైనా పూర్తిగా దక్కిందా అని అడిగితే, జవాబు ఊరికొక తీరుగా ఉంటుంది.

కుక్క కోసం విడిగా తిండి తయారు చేయడం అన్న ఆలోచన మాత్రం మనది కాదు. అది లండన్‌లో పుట్టింది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ పిడుగు నిరోధకాలు అమ్ముకోవడానికి అక్కడికి పోయి, రేవులో కుక్కలు ఓడవాళ్ల గట్టి బిస్కెట్లు కొరకడం చూశాడని చెబుతారు. 1860ల్లో గోధుమపిండి, బీట్‌రూట్, మాంసం కలిపి డాగ్ కేక్ అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నది వేటకుక్కలు పెంచే దొరలు. ఆయన దగ్గర పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో కుక్కల పోటీ పెట్టాడు, క్రఫ్ట్స్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. 1922లో అమెరికాలో గుర్రపు మాంసం డబ్బాలు, 1957లో ప్యూరినా పొంగించిన గింజలు. ప్రతిసారీ మనుషుల పరిశ్రమలో మిగిలిందే కొత్త ప్యాకెట్లో కుక్క దగ్గరికి వచ్చింది. మన ఎంగిలి గిన్నెకీ దానికీ తేడా అచ్చేసిన లేబులే అని నాకు అనిపిస్తుంది, కాస్త అన్యాయంగానే అనుకోండి. ఇప్పుడు పెడిగ్రీ తయారుచేసే మార్స్ ఫ్యాక్టరీ జనగామకి ఆనుకుని ఉన్న సిద్దిపేట జిల్లాలోనే ఉంది. లండన్ రేవు నుంచి మా పక్క జిల్లాకి రావడానికి ఆ బిస్కెట్‌కి నూట యాభై ఏళ్లు పట్టింది.

చిన్నమ్మ వంట ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మిగిలింది కాదు, కొన్నదీ కాదు. అరకిలో బొచ్చె ముక్కలు ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెడుతుంది. ఉప్పు లేదు, కారం లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అసలే కూడదు, అవి కుక్క రక్తకణాల్ని పగలగొడతాయి. వట్టిచేపలు వద్దనేది కూడా ఉప్పు వల్లే. తర్వాత ముళ్లు తీయడం. బొచ్చెకి కండలో సన్నటి చీలిక ముళ్లు ఉంటాయి, ఒక్కోటి వేళ్లతో తడిమి తీయాలి. గంట పని. "నా పిల్లలకు గూడ గింత ఓపికతోని తియ్యలే" అని తనే నవ్వుతుంది. దాంట్లో రెండు గుడ్లు కొట్టి, పట్టినంత జొన్నపిండి కలిపి, బిళ్లలు చేసి, మందపాటి పెనం మీద సన్న సెగన రెండు వైపులా గట్టిపడేదాకా కాలుస్తుంది. భూపాలపల్లి బావ అయితే ఓవెన్‌లో పెడతాడు. ఉప్పు ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో కూడా మూడు నాలుగు రోజులే. రోజు తిండిలో పదో వంతు దాటొద్దని డాక్టర్ల మాట. చిన్నమ్మ దాన్ని రెండు బిళ్లలుగా లెక్క కట్టుకుంది.

ఉడికించి తీరాలి అనడం వెనక కూడా చరిత్ర ఉంది. 1930ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో చాస్టెక్ అనే ఆయన ఫారంలో నక్కలు వరసగా పక్షవాతం వచ్చి చచ్చిపోయాయి. వాటికి పచ్చి కార్ప్ చేప మేపుతున్నాడు. ఆ చేపలో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉందని, ఉడికిస్తే అది పోతుందని తర్వాత తేలింది. మన బొచ్చె, రౌట కూడా కార్ప్ కుటుంబమే. గుడ్డు సంగతి లండన్‌లో మార్గరెట్ బోవాస్ 1927లో పట్టుకుంది. పచ్చి తెల్లసొన తిన్న ఎలుకలకి చర్మం పాడై వెంట్రుకలు రాలడం ఆమె చూసింది. తెల్లసొనలోని ఒక ప్రోటీన్ బయోటిన్‌ని పట్టేసుకుంటుంది, ఉడికితే వదులుతుంది. పచ్చిదే సహజం అని ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పేవాళ్లు ఆ నక్కల్నీ ఆ ఎలుకల్నీ ఒకసారి తలుచుకోవాలి.

ఇంత చేసినా నాకు పూర్తిగా మింగుడుపడని ముక్క ఒకటుంది. అది గుడ్డు కాదు. బాలింత గుడ్డుని కుక్క లాక్కోలేదు, లాక్కున్నది గడి. ఇబ్బంది ఏంటంటే, ఈ ప్రేమ గేటు లోపలికే సరిపోతోంది. లోపల ఉన్నదానికి ముళ్లు తీసిన బొచ్చె, బయట ఉన్నదానికి రాయి. పాత గటక ముద్ద ఎంగిలిదే గానీ వాడకట్టు కుక్కకి పడేది. ఇప్పుడు మిగులు ఫ్రిజ్‌లోకి పోతోంది, పెంకులు చెత్త బండిలోకి పోతున్నాయి. ఊరి కుక్కకి మిగిలింది కోళ్ల దుకాణం వెనక కుప్ప. అక్కడ గుంపులు కట్టిన కుక్కలంటే భయం ఉత్త భయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లికి భూతదయ గురించి చెప్పడానికి నాకు నోరు రాదు.

వీధికుక్కలకి ఎక్కడ, ఎప్పుడు తిండి పెట్టాలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో రాసి ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, మున్సిపాలిటీలు వార్డు వారీగా చోటు చూపించాలి అంది. గడప బయట నేల మీద పెట్టే ముద్ద మనువు దగ్గర మొదలై సుప్రీంకోర్టు దాకా వచ్చింది.

మానుకోట ఇంట్లో బొచ్చె కోసిన రోజున తలకాయ మాత్రం కుక్కకి పోదు. అది పులుసు పెట్టి అమ్మమ్మకి వడ్డిస్తారు, చేపలో ఆమెకి కావాల్సింది అదే. కండ బిస్కెట్లకి పోతుంది. ఆవిరికి పెట్టినప్పుడు పళ్లెంలో దిగిన నీళ్లు, చేతికి అంటిన పిండి, విరిగిన బిళ్లలు అన్నం మెతుకుల్లో కలిపి చిన్నమ్మ గేటు బయటికి తీసుకుపోతుంది. ఇదివరకు కరెంటు స్తంభం కింద పెట్టేది. పక్కింటాయన పిల్లలు తిరిగే చోటని అభ్యంతరం చెప్పాక, వాడకట్టు చివర ఖాళీ జాగాకి మార్చింది. రాత్రి తొమ్మిదింటికి పెట్టి, అవి తినేదాకా నిలబడి, విస్తరాకు తీసి చెత్తబుట్టలో వేసి వస్తుంది.